మూగజీవాల అంత్యక్రియలు: బొగ్గు గనుల ప్రాంతంలో పెంపుడు జంతువుల ఖననం, దహనం - వర్తించే నిబంధనలు

ప్రత్యేక వ్యాసం

మంచిర్యాల జిల్లాలోని శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతాలలోను, గోదావరి ఆవలి ఒడ్డున గల గోదావరిఖని, రామగుండం ప్రాంతాలలోను గని కార్మిక కుటుంబాలు పెద్దసంఖ్యలో సింగరేణి సంస్థ క్వార్టర్లలో నివసిస్తున్నవి. ఇంటి కాపలా కొరకో, పిల్లల ముచ్చట కొరకో పెంచుకున్న కుక్క ఒక రాత్రి మరణించినచో ఆ కుటుంబానికి ఎదురయ్యే మొదటి ప్రశ్న, దానిని ఎక్కడ పూడ్చవలెనన్నదే. క్వార్టరు సంస్థది. పెరడు కూడా సంస్థదే. ఉద్యోగ విరమణ అనంతరం రెండింటిని అప్పగించి వెళ్లవలసి ఉన్నది. ఇక మిగిలేవి ఊరి బయటి ఖాళీ స్థలం, ఓబీ మట్టి గుట్ట, వాగు ఒడ్డు, లేదా చెత్తకుండీ. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ సురక్షితం కాదు. అయినను వీటికి ప్రత్యామ్నాయం చూపవలసిన బాధ్యత ఏ శాఖదో చాలామంది అధికారులకు సైతం స్పష్టంగా తెలియని పరిస్థితి నెలకొని ఉన్నది.

పెంపుడు జంతువుల శ్మశానవాటికలకు గాని, దహన సేవలకు గాని ప్రత్యేకించిన కేంద్ర చట్టం లేదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం బ్రతికి ఉన్న జంతువుకు సంబంధించినది. కుక్కల పెంపకందారులు 2017 నిబంధనల క్రింద, పెంపుడు జంతువుల దుకాణదారులు 2018 నిబంధనల క్రింద రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావలసి ఉన్నది. అంటే జంతువు పుట్టుక, అమ్మకం, పోషణ నియంత్రణ పరిధిలోకి వచ్చినవి. మరణం తర్వాతి ఘట్టం మాత్రం పురపాలన, పర్యావరణం, పశువ్యాధుల నివారణ అనే మూడు శాఖల నిబంధనల నడుమ చెల్లాచెదురుగా ఉన్నది.

బాధ్యత ఎవరిది?

భారత రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితా ప్రకారం ఖననం, దహనం, శ్మశానవాటికలు రాష్ట్రానికి చెందిన అంశాలు. పశువ్యాధుల నివారణ కూడా అదే జాబితాలో ఉన్నది. పన్నెండవ షెడ్యూలు శ్మశానవాటికలను, విద్యుత్ దహనవాటికలను, జంతు హింస నిరోధాన్ని, ప్రజారోగ్యాన్ని పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన విధులలో చేర్చింది. ఈ అంశాలలో మనిషి శవమని, జంతు కళేబరమని విభజించి చెప్పిన మాట లేదు. ఆచరణలో మాత్రం శ్మశానవాటిక అనగానే మనుషులదిగాను, కళేబరం అనగానే పారిశుద్ధ్య విభాగం ట్రాక్టరులో తరలించదగినదిగాను భావించుట అలవాటైనది.

కళేబరాల తొలగింపును స్థానిక సంస్థ విధిగా గుర్తించుట కొత్త విషయం కాదు. 1888 నాటి బొంబాయి నగరపాలక చట్టంలోనే ఇది కమిషనర్ కర్తవ్యంగా ఉన్నది. ఇంటిలో జంతువు మరణించినచో మూడు గంటలలోగా, రాత్రివేళ మరణించినచో సూర్యోదయమైన మూడు గంటలలోగా ఆరోగ్య విభాగానికి తెలియజేయవలెనని ఆ చట్టం ఇంటివారిని ఆదేశించింది. టెలిఫోన్లు అరుదైన ఆ కాలంలో అంత స్వల్ప గడువు విధించారంటే కళేబరం వల్ల కలిగే ముప్పును ఎంత తీవ్రంగా పరిగణించారో గ్రహించవచ్చును. వీధి కుక్కల విషయంలో 2001 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు మరొక అడుగు ముందుకు వేసి, కళేబరాలను కాల్చివేసేందుకు దహన యంత్రాలను స్థానిక సంస్థలే నెలకొల్పవలెనని పేర్కొన్నవి. ఆ నిబంధనల స్థానంలో 2023లో కొత్త నిబంధనలు వచ్చినవి. 2001 నాటి ఆదేశం అప్పట్లోనే అమలై ఉన్నచో ఈనాడు మన పట్టణాలలో పెంపుడు జంతువుల యజమానులు ఇంతగా వెదుకులాడవలసిన అవసరం ఉండేది కాదు.

మంచిర్యాలకు సంబంధించి 2025లో ఒక ముఖ్యమైన మార్పు జరిగినది. మంచిర్యాల, నస్పూర్ పురపాలక సంఘాలను, హాజీపూర్ మండలంలోని కొన్ని గ్రామాలను కలిపి మంచిర్యాల నగరపాలక సంస్థగా ఏర్పాటు చేయడం జరిగినది. దీనితో గోదావరి ఒడ్డునున్న పాత పట్టణం, సీసీసీ వంటి సింగరేణి కాలనీలు, శివారు గ్రామాలు ఒకే పాలన క్రిందకు వచ్చినవి. అంతకుముందు ఒక సంఘం పరిధిలోని కళేబరం మరొక సంఘం పరిధిలోకి చేరినపుడు తలెత్తే వాదానికి ఇప్పుడు తావు లేదు. గ్రామాలలో ఈ బాధ్యత 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం క్రింద గ్రామ పంచాయతీలు నిర్వహించే పారిశుద్ధ్య విధులలో భాగం. 2019లో ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమం క్రింద గ్రామాలలో నిర్మించిన వైకుంఠధామాలు మనుషుల అంత్యక్రియలకు ఉద్దేశించినవి. వాటిలో పెంపుడు జంతువులకు చోటు కల్పించుట గ్రామస్థుల మనోభావాలతో ముడిపడిన అంశం. కాబట్టి జంతువులకు వేరుగా స్థలం చూపుటయే వివేకం.

గుంట ఎంత లోతు, నీరు ఎంత దూరం

ఇంటిలో సహజంగా మరణించిన పెంపుడు జంతువు జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నిబంధనలు, 2016 పరిధిలోకి నేరుగా రాదు. ఆ నిబంధనలు పశువైద్యశాలలకు, పశువైద్య కళాశాలలకు, ప్రయోగశాలల జంతు గృహాలకు వర్తిస్తాయి. అక్కడ వెలువడే జంతు అవయవాలు, కళేబరాలు పసుపు వర్గపు వ్యర్థాలు. కాబట్టి శస్త్రచికిత్స బల్లపై మరణించిన కుక్క విషయంలో ఆసుపత్రికి ఒక నియమావళి ఉన్నది. అదే కుక్కను యజమాని ఇంటికి తెచ్చుకున్న తర్వాత మరణించినచో ఏ కొలతా వర్తించదు. వ్యాధి ఒకటే, కళేబరం ఒకటే. ఈ లోపాన్ని గుర్తించకుండా శ్మశానవాటికకు అనుమతి ఇచ్చుట సరికాదు.

స్థానిక సంస్థలు కొత్తగా కొలతలు వెదకనవసరం లేదు. జీవవైద్య నిబంధనలలో లోతైన ఖననానికి నిర్దేశించిన ప్రమాణాలనే కొలమానంగా స్వీకరించవచ్చును. వాటి ప్రకారం గుంట సుమారు 2 మీటర్ల లోతు ఉండవలెను. సగం వరకు వ్యర్థాన్ని ఉంచి, ఉపరితలానికి 50 సెంటీమీటర్ల వరకు సున్నంతో కప్పి, మిగిలిన భాగాన్ని మట్టితో పూడ్చవలెను. ఇతర జంతువులు త్రవ్వకుండా ఇనుప రేకు గాని తీగ వల గాని అమర్చవలెను. స్థలం నీటిని పీల్చని స్వభావం గలదై, నివాసాలకు దూరంగా, సమీపంలో లోతు తక్కువ బావులు లేకుండా ఉండవలెను. వరదకు, కోతకు గురయ్యే చోటు పనికిరాదు. అన్నింటికంటె ముఖ్యమైనది, గుంట అడుగుభాగానికి భూగర్భ జలమట్టం కనీసం 6 మీటర్ల దిగువన ఉండవలెను. అనగా నేల ఉపరితలం నుండి సుమారు 8 మీటర్ల వరకు నీరు తగులరాదు.

ఈ చివరి షరతు మంచిర్యాలకు అతి ప్రధానమైనది. పట్టణం గోదావరి ఒడ్డున ఉన్నది. ఎగువన 20.175 టీఎంసీల సామర్థ్యంతో శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు ఉన్నది. ఆ జలాశయం నుండి హైదరాబాద్ నగరానికి సైతం తాగునీరు సరఫరా అవుతున్నది. 2022 జూలైలో గోదావరి వరద రాళ్లవాగులోకి ఎదురుతన్ని పట్టణంలోని లోతట్టు కాలనీలు నీట మునిగినవి. మాతా శిశు ఆసుపత్రిలోకి నీరు చేరగా బాలింతలను, శిశువులను తరలించవలసి వచ్చినది. ఆసుపత్రినే ముంచిన వరద ఒడ్డున పూడ్చిన కళేబరాలను వదలిపెట్టదు. నదీతీరం పవిత్రమనే భావనతో యజమానులు అక్కడికి వెళ్లుట సహజమే గాని, అనుమతించదగిన స్థలాల జాబితాలో వాగుల ఒడ్డులు, నదీ గర్భం మొదటే కొట్టివేయవలసినవి.

ఇక గనుల సంగతి. బొగ్గు గని పనిచేసినంత కాలం లోపలికి ఊరే నీటిని పంపులతో నిరంతరం తోడివేస్తూ ఉంటారు. పరిసరాలలో భూగర్భ జలమట్టం ఆ మేరకు తగ్గి ఉంటుంది. గని మూతపడి పంపులు ఆగిన పిమ్మట నీరు తిరిగి పైకి వస్తుంది. ఈ రోజు 9 మీటర్ల వద్ద నీరున్నదని కొలిచి అనుమతించిన స్థలం కొన్ని సంవత్సరాల తర్వాత ప్రమాణానికి లోబడకపోవచ్చును. కాబట్టి వేసవిలో ఒక్కసారి కొలిచిన అంకెతో సరిపెట్టక, వర్షాకాలపు మట్టాన్ని, సమీప గని మూసివేత ప్రణాళికను కూడా పరిశీలించవలసి ఉన్నది. ఒక్క కొలతతో ఫైలు ముగించుట సులభం గాని, ఈ ప్రాంతంలో అది చాలదు.

భూగర్భ గనులలో డిపిల్లరింగ్ చేసిన చోట, అనగా పైకప్పును మోసిన బొగ్గు స్తంభాలను కూడా తీసివేసిన చోట, నేల క్రుంగి పగుళ్లు ఏర్పడవచ్చును. పగుళ్ల గుండా మురుగు లోపలికి దిగుతుంది. ఓపెన్‌కాస్ట్ గనుల ఓబీ గుట్టలు వదులు మట్టితో పోసినవి. వానకు కోసుకుపోవుట, కుక్కలు, అడవిపందులు త్రవ్వుట తేలిక. పైగా ఇవన్నీ లీజు భూములు. కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ 2009లో జారీ చేసిన మార్గదర్శకాలతో ప్రతి గనికి మూసివేత ప్రణాళిక తప్పనిసరి అయినది. త్రవ్విన భూమిని పునరుద్ధరించుట అందులో భాగం. పునరుద్ధరణ పూర్తి కాని భూమిలో శాశ్వత శ్మశానవాటికకు హామీ ఇచ్చుట సాధ్యం కాదు. జిల్లాలోని షెడ్యూల్డ్ గ్రామాలలో ప్రైవేటు నిర్వాహకులు స్థలం కొనదలచినచో వాడుకలో 1/70 చట్టంగా పిలువబడే భూ బదలాయింపు నిబంధన అడ్డుపడుతుంది. దరఖాస్తుతోపాటు భూమి స్వభావం, లీజు వివరం, సర్వే నెంబరు రెవెన్యూ శాఖ ధ్రువీకరించకుండా ముందుకు పోరాదు.

దహనవాటిక: పొగ ఎవరి పరిధి?

ఇన్ని చిక్కులు గల నేలలో ఖననం కంటె దహనమే మేలన్న అభిప్రాయం సహేతుకమైనది. అయితే కట్టెలపై గాని, పాత టైర్లు వేసి గాని ఆరుబయట కాల్చుట దహనవాటిక అనిపించుకోదు. పొగగొట్టం గల యంత్రాన్ని నెలకొల్పుటకు 1974 నాటి జల కాలుష్య చట్టం, 1981 నాటి వాయు కాలుష్య చట్టం క్రింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నుండి ముందుగా స్థాపనకు, ఆ తర్వాత నిర్వహణకు సమ్మతి పొందవలసి ఉన్నది. జీవవైద్య వ్యర్థాల దహన యంత్రాలకు మొదటి గదిలో సుమారు 800 డిగ్రీల సెల్సియస్, రెండవ గదిలో సుమారు 1,050 డిగ్రీల ఉష్ణోగ్రత, రెండవ గదిలో వాయువులు కనీసం 2 సెకన్లు నిలుచుట, 30 మీటర్ల పొగగొట్టం వంటి ప్రమాణాలు ఉన్నవి. పెంపుడు జంతువులకు మాత్రమే వాడే చిన్న యంత్రానికి ఏ ప్రమాణం విధించవలెనో మండలి తన సమ్మతి పత్రంలో నిర్దేశిస్తుంది. రెండవ గది లేని యంత్రం దుర్వాసనను, నల్లని పొగను కాలనీల మీదికి వదలుతుంది. బొగ్గు ధూళితో ఇప్పటికే ఇబ్బంది పడుతున్న ప్రజలు దానిని సహించవలసిన అవసరం లేదు.

రాష్ట్రంలో హైదరాబాద్ ఫతుల్లాగూడలోని జంతు సంరక్షణ కేంద్రంలో ఇట్టి దహనవాటిక ఏర్పాటైనది. ముంబయి నగరపాలక సంస్థ 2023లో మలాడ్‌లో సహజవాయువుతో నడిచే దహనవాటికను ప్రారంభించింది. మంచిర్యాల నుండి హైదరాబాద్‌కు సుమారు 250 కిలోమీటర్లు. వేసవిలో కళేబరాన్ని అంత దూరం తీసుకువెళ్లుట సామాన్య కార్మికునికి సాధ్యం కాదు. మంచిర్యాల, రామగుండం నగరపాలక సంస్థలు రెండూ గోదావరికి చెరొక ఒడ్డున ఉన్నవి. నది దాటితే జిల్లా మారుతుందన్న కారణంతో రెండు చోట్ల రెండు చిన్న యంత్రాలు పెట్టి, పని చాలక రెండింటినీ మూలపడవేయుట కంటె ఉమ్మడిగా ఒకదానిని నడుపుట సాధ్యాసాధ్యాలను పరిశీలించుట మంచిది.

కరచిన కుక్క మరణించినచో

వ్యాధుల విషయం ప్రస్తావించకుండా ఈ చర్చ పూర్తి కాదు. జంతువులలో అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం, 2009 షెడ్యూలులో రేబిస్, ఆంత్రాక్స్ రెండూ ఉన్నవి. షెడ్యూలులోని వ్యాధి సోకినట్లు అనుమానం కలిగినచో తెలియజేయుట యజమాని విధి. ఆంత్రాక్స్ అనుమానం గల కళేబరాన్ని కోయరాదు. గాలి తగిలిన వెంటనే ఆ క్రిమి గట్టి బీజాలుగా మారి మట్టిలో దశాబ్దాల పాటు నిలిచి ఉంటుంది. కుక్కపిల్లలను చంపే పార్వో వైరస్ కూడా నేలలో నెలల తరబడి సజీవంగా ఉండగలదు. శ్మశానవాటికకు తమ ఇతర కుక్కలను వెంట తెచ్చుకొనే యజమానులకు ఈ విషయం చెప్పవలసి ఉన్నది.

రేబిస్ విషయంలో ఒక ముఖ్యమైన జాగ్రత్త కలదు. ఎవరినైనా కరచిన కుక్క పది రోజులలోగా మరణించినచో దానిని వెంటనే దహనం చేయరాదు. మెదడు నమూనాను పరీక్షించినపుడే వ్యాధి ఉన్నదీ లేనిదీ నిర్ధారణ అవుతుంది. దహనంతో ఆ ఆధారం పోతుంది. పశువైద్యాధికారికి తెలియజేసి, ఆయన అనుమతించిన తర్వాతనే కళేబరాన్ని తరలించవలెను. కరవబడిన వ్యక్తి పరీక్షా ఫలితం కొరకు వేచి ఉండక టీకాలు వేయించుకొనుట ఆపరాదు. కాబట్టి "గత పది రోజులలో ఈ జంతువు ఎవరినైనా కరచినదా?" అన్న ప్రశ్న ప్రతి శ్మశానవాటిక, ప్రతి దహనవాటిక దరఖాస్తు ఫారంలో మొదటి వరుసలో ఉండవలెను. కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను 2030 నాటికి నిర్మూలించుటకు 2021లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రారంభమైనది. ఇట్టి చిన్న ఫారం ఆ ప్రణాళికకు ఉపకరించే సమాచారాన్ని ఖర్చు లేకుండా సమకూర్చగలదు.

కళేబరాన్ని ముందుగా తాకేది పారిశుద్ధ్య కార్మికుడు. చేతి తొడుగులు, మందపాటి సంచులు, ముందస్తు రేబిస్ టీకా అతనికి సమకూర్చకుండా శ్మశానవాటికకు శంకుస్థాపన చేయుట తలక్రిందుల వ్యవహారం. ప్రైవేటు నిర్వాహకులు నియమించుకొనే కార్మికులకు కూడా ఇదే షరతు విధించవలెను.

బయట పారవేసిన కళేబరం వన్యప్రాణులకు సైతం హానికరం. పశువులకు నొప్పి నివారిణిగా వాడిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా రాబందుల శరీరంలో చేరి వాటిని దాదాపు తుడిచిపెట్టినది. పశువైద్యంలో దాని వాడకాన్ని 2006లో నిషేధించారు. పొరుగున ఉన్న కుమురంభీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవులలోని పాలరాపు గుట్టపై 2013లో రాబందుల ఆవాసాన్ని గుర్తించిన విషయం విదితమే. అనాయాస మరణం కొరకు మత్తు ఇంజెక్షను ఇచ్చిన జంతువు కళేబరం కూడా దానిని తిన్న పక్షికి, జంతువుకు విషమే. జన్నారం వైపు కవ్వాల్ పులుల అభయారణ్యం ఉన్నది. 2018లో గిర్ అడవులలో సింహాల మరణాలకు గల కారణాలలో కుక్కల డిస్టెంపర్ వైరస్ ఒకటిగా తేలినది. అడవి అంచున కుక్క కళేబరాలు పారవేయుట పట్ల అటవీ శాఖ అప్రమత్తంగా ఉండుటకు ఇది తగిన కారణం.

ఇతర దేశాల అనుభవం, యజమాని హక్కు

ఫ్రాన్సులో 1898 జూన్ 21 నాటి చట్టం జంతు కళేబరాలను నివాసాలకు కనీసం 100 మీటర్ల దూరంలో, పైన కనీసం ఒక మీటరు మట్టి ఉండేటట్లు పూడ్చవలెనని ఆదేశించింది. ఆ మరుసటి సంవత్సరమే పారిస్ చెంత ఆనియేర్‌లో పెంపుడు కుక్కల శ్మశానవాటిక వెలసినది. సీన్ నదిలోను, చెత్తలోను కళేబరాలను పారవేసే అలవాటుకు ఆ నియమం అడ్డుకట్ట వేసినది. అక్కడ ముందు నియమం వచ్చినది, దాని వెనుక శ్మశానవాటిక వచ్చినది. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పెంపుడు జంతువుల శ్మశానవాటికలు, దహనవాటికలు లైసెన్సు లేకుండా నడుపరాదు. బ్రిటన్‌లో యజమాని తన స్థలంలో పూడ్చుకొనవచ్చును గాని దహనవాటికకు పశు ఆరోగ్య సంస్థ ఆమోదం తప్పనిసరి. దక్షిణ కొరియాలో ఖాళీ స్థలాలలో పూడ్చుట చట్టవిరుద్ధం. నమోదైన అంత్యక్రియల సంస్థలు అక్కడ దహనం నిర్వహిస్తాయి.

జంతువును గౌరవించి సాగనంపుట పాశ్చాత్యుల అలవాటని కొందరు భావించుట కలదు. కర్ణాటకలోని ఆతకూరులో క్రీ.శ. 949-50 ప్రాంతపు శాసనం అడవిపందితో పోరాడి మరణించిన కాళి అనే వేటకుక్క స్మారకంగా వేయించినది, భూదానం కూడా చేసినది. ఈ భావన మన నేలకు పరాయిది కాదు.

దహన సేవలు వ్యాపారంగా మారిన చోట మరొక సమస్య తలెత్తుతుంది. యజమాని విడి దహనానికి సొమ్ము చెల్లించగా, నిర్వాహకుడు పలు జంతువులను కలిపి దహనం చేసి, ఎవరిదో తెలియని బూడిదను పాత్రలో పెట్టి ఇచ్చే అవకాశం ఉన్నది. బూడిదను చూసి గుర్తించుట యజమానికి సాధ్యం కాదు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం ఏ పద్ధతిలో దహనం చేస్తారో యజమానికి వ్రాతపూర్వకంగా తెలుపవలెనని ప్రత్యేక చట్టమే చేసినది. మన దేశంలో ఇట్టి మోసం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 క్రింద సేవాలోపంగా ఫిర్యాదు చేయదగినది. ఆ చట్టం సక్రమంగా ఉపకరించవలెనంటే యజమాని వద్ద రసీదు ఉండవలెను. రసీదుపై విడి దహనమా, సామూహిక దహనమా, రుసుము ఎంత, చితాభస్మం ఎప్పుడు అప్పగిస్తారు అన్న వివరాలు ఉండునట్లు స్థానిక సంస్థ లైసెన్సు షరతులలోనే చేర్చుట సులభమైన మార్గం. జంతువు కాలికి కట్టిన నెంబరు బిళ్ల దహనం వెంట సాగి భస్మంతోపాటు తిరిగి వచ్చే విధానం కూడా అనుసరించదగినది.

శ్మశానవాటిక నెలకొల్పదలచిన వ్యక్తులు, సంస్థలు ముందుగా నగరపాలక సంస్థ లేదా సంబంధిత స్థానిక సంస్థకు స్థలం వివరాలతో దరఖాస్తు చేసుకొనవలసి ఉన్నది. దానిపై రెవెన్యూ శాఖ భూమి స్థితిని, భూగర్భ జల శాఖ నీటి మట్టాన్ని, పశుసంవర్ధక శాఖ వ్యాధి జాగ్రత్తలను, దహన యంత్రమున్నచో కాలుష్య నియంత్రణ మండలి పొగ ప్రమాణాలను పరిశీలించవలెను. గనుల లీజు హద్దులలోనో వాటి చెంతనో ఉన్న స్థలమైనచో సింగరేణి సంస్థ సర్వే విభాగం నుండి భూగర్భ పనుల పటం తెప్పించుకొనుట అవసరం. ఏ గుంట క్రింద ఏ గని పొర ఎంత లోతున ఉన్నదో ఆ పటం చూపుతుంది. స్థలం ఖరారైన నాటి నుండి ప్రతి ఖననానికి, ప్రతి దహనానికి తేదీ, జంతువు జాతి, మరణ కారణం, పశువైద్యుని ధ్రువపత్రం వివరాలతో రిజిస్టరు నిర్వహించి, తనిఖీకి వచ్చిన అధికారికి చూపవలసి ఉంటుంది.